గిరికీల ఉయ్యాల

నమోదు 1

ఈ పూట పిల్లలు నా చేతులు సంచిలో పెట్టి మూతి బిగించారు. ముడి వేసింది ముంతాజ్. ఆ పిల్ల ముడి వేసిందంటే విప్పడానికి మళ్ళీ ఆ పిల్లే రావాలి. పని నెల పూర్తయ్యేదాకా, బడి జరిగినంతసేపూ నా రెండు చేతులూ ఈ నీలం గుడ్డసంచిలోనే ఉంటాయి. మధ్యాహ్నం అన్నానికి విప్పుతారు, తిన్నాక మళ్ళీ కడతారు.

చందమామ మీది మా వెన్నెలపాలెం బడిలో ఇది నేను రాకముందు నుంచీ ఉన్న ఆచారం. ఏడాదికి ఒక నెల పాఠాలు ఆపేసి, పిల్లలు ఊరికి పనికొచ్చే వస్తువు ఒకటి తమంతట తాము తయారుచేయాలి. ఏం చేయాలో వాళ్ళే తేల్చుకోవాలి, ఎలా చేయాలో వాళ్ళే తంటాలు పడాలి. పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు. పూర్వం ఒక పంతులుగారు చూస్తూ ఊరుకోలేక ప్రతి స్క్రూ తానే బిగించేసేవారట, అప్పటి నుంచి సంచి వచ్చింది. నోటికి సంచి లేదు గానీ, దానితో ప్రశ్నలే అడగాలి, జవాబులు చెప్పకూడదు. పాఠాలు చెప్పే గోడ ఒకటుంది, దానికైతే నోరు పూర్తిగా కట్టేస్తారు. మామూలు రోజుల్లో ఏది అడిగినా రెప్పపాటులో చెప్పేసే మా బడి గోడ, ఈ నెలంతా నేను చెప్పింది రాసుకోవడం తప్ప మరేమీ చేయదు. రాసేటప్పుడు నా తెనాలి యాసను ఇస్త్రీ చేసి మరీ రాస్తుంది. చేసుకోనీ.

నాకు చెయ్యి దురద ఎక్కువ. ఎవరైనా మేకు వంకరగా కొడుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఊరందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే పని నెలలో నన్ను చూడడానికి పెద్దవాళ్ళు కూడా పనిగట్టుకుని బడి ముందు నుంచి వెళతారు.

సంచి కట్టాక పిల్లలు తొమ్మిది మందీ గుండ్రంగా కూర్చుని ఎప్పటిలాగే "ఊరికి ఏం లోటు?" అని ఒకరినొకరు అడిగారు. జోయెల్ ఇడ్లీ పాత్ర సంగతి ఎత్తాడు. ఇక్కడ ఆవిరికి మూత ఎగిరి పైకప్పుకు అతుక్కుంటోంది, దానికో ఉపాయం కావాలన్నాడు. చకోరి వాన కావాలంది. పదకొండేళ్ళ ఆ పిల్ల మా ఊరున్న ఈ సొరంగంలోనే పుట్టింది, వాన ఎలా ఉంటుందో చూడలేదు. మా తరగతికి పెద్ద కూడా తనే అనుకుంటుంది, మిగతావాళ్ళు ఒప్పుకున్నారో లేదో తెలియదు.

చివరికి వంతు కొత్తపిల్లకు వచ్చింది. ఆమె పేరు పేరంటాలు, వాళ్ళ ముత్తవ్వ పేరు. తొమ్మిదేళ్ళు. కిందటి ఓడలో భూమి నుంచి, రాజోలు దగ్గర ఊరి నుంచి వాళ్ళమ్మతో వచ్చింది. చందమామ మీద మనిషి బరువు భూమి మీది బరువులో ఆరో వంతే కదా, ఆ పిల్ల అలవాటు కొద్దీ అడుగు వేస్తే తల వెళ్ళి పైకప్పుకు తగిలింది. మొదటి రోజే రెండు బొప్పులు కట్టాయి. మా పిల్లలు "బంతి" అని పేరు పెట్టారు. ముద్దుగానే పెట్టారు, కానీ అప్పటి నుంచి ఆమె గోడ పట్టుకుని తప్ప నడవడం లేదు, అడిగితే తప్ప మాట్లాడడం లేదు.

ఊరికి ఏం లోటని అడిగితే చాలాసేపు తన మోకాళ్ళు చూసుకుంది. తరువాత మెల్లగా, "ఇక్కడ ఉయ్యాల లేదండి. అట్లతద్దికి ఊగలేదు" అంది.

మా పిల్లలకు ఉయ్యాలంటే పసివాళ్ళను పడుకోబెట్టే జోలె. పెద్దవాళ్ళు ఎక్కి ఊగే ఉయ్యాల ఒకటుంటుందని వినగానే కళ్ళు ఇంతింత చేసుకున్నారు. రాళ్ళు వేసి ఓటు లెక్కపెట్టారు. ఇడ్లీ మూత ఓడిపోయింది, వాన ఓడిపోయింది. నాకు భలే సంతోషమైంది.

నమోదు 2

సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. పేరంటాలు తల్లి శేషారత్నం పని నుంచి నేరుగా బడికి వచ్చింది. ఆమెది ఊరి గాలి బయటికి పోకుండా ఆపే గాలితలుపుల మరమ్మతు. చేతులకు గ్రీజు కూడా తుడుచుకోలేదు.

ఇక్కడ పిల్లాజెల్లా అందరూ రోజూ చక్రంలో పరిగెత్తాలి. గదంత చక్రం గిర్రున తిరుగుతుంటే దాని లోపలి అంచు మీద పరిగెత్తడం. అందులో ఉన్నంతసేపూ ఒంటికి భూమి బరువు వస్తుంది, ఎముకలు గట్టిగా ఉంటాయి. పాకే వయసు నుంచీ అలవాటైన మా పిల్లలకు అదొక ఆట. పేరంటాలుకు మాత్రం చక్రం కదలగానే తల తిరిగి వాంతులవుతున్నాయి. మందులు పనిచేయలేదు. కాళ్ళ బలం వారం వారం జారిపోతోంది. తిరుగు ఓడ బయలుదేరేలోగా ఆ జారడం ఆగకపోతే పిల్లను అదే ఓడలో వెనక్కి, రాజోలులో పెద్దమ్మ దగ్గరికి పంపేయాలని డాక్టర్ పాణిగ్రాహి గారు తేల్చి చెప్పారట. శేషారత్నం ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. ఆమె కదలడానికి వీల్లేదు.

"దాన్ని పంపించేసి నేనిక్కడ ఉండలేనండి. ఉండకపోతే కుదరదండి" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పిల్లలకు ఈ సంగతి చెప్పవద్దని బతిమాలింది. సరేనన్నాను. ఓదార్పుగా వీపు మీద చెయ్యి వేద్దామంటే సంచి అడ్డం.

నమోదు 4

(మూడో నమోదులో నేను జోయెల్ మేకులు కొట్టే పద్ధతిని తిట్టాను. తీసేయమన్నాను, గోడ తీసేసింది.)

ఉయ్యాల అయింది. ఊరి చివర పాత సరుకుల గదిలో పనిచేయని క్రేను దూలం ఒకటుంది, పైకప్పు కూడా బాగా ఎత్తు. పిల్లలు ఆ గది అడిగి తెచ్చుకున్నారు. ముంతాజ్ తాళ్ళు పేనింది. జోయెల్ పెట్టె చెక్కతో పీట చేశాడు. ఒక మూల కొంచెం ఎత్తొచ్చింది. సంచిలో నా వేళ్ళు పదీ మెలికలు తిరిగాయి గానీ నోరెత్తలేదు.

అందరూ కలిసి పేరంటాలునే ముందు కూర్చోబెట్టి వెనక నుంచి తోశారు. ఉయ్యాల ముందుకు వెళ్ళింది. వెళ్ళి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా తిరిగి వచ్చింది. చందమామ కిందికి లాగే బలమెంత, అందులో వచ్చే ఊపెంత. మా పిల్లలు చప్పట్లు కొట్టారు, వాళ్ళకు అదే గొప్ప. పేరంటాలు మాత్రం రెండు ఊపులు ఊగి దిగిపోయింది.

"ఇది ఉయ్యాల కాదండి" అంది నాతో, ఎవరినీ నొప్పించకుండా చెప్పాలని చూస్తూ. చకోరి ముఖం చిన్నబోయింది.

జవాబు నా నాలిక చివర ఉంది. దాన్ని మింగి, ఏం తక్కువైందని మాత్రం అడిగాను. అప్పుడు ఆ పిల్ల మా ఊరు వచ్చాక మొదటిసారి గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. "పైనుంచి వచ్చేటప్పుడు కడుపులో ఝల్లుమనాలండి. కిందకొచ్చేసరికి పీట కాళ్ళకి గట్టిగా అదుముకోవాలండి. ఇదేమో దూది ఎగిరినట్టు పోతందండి."

ఝల్లుమనడం అంటే ఏమిటో మా పిల్లలెవరికీ తెలియదు. ఒకరి కడుపు ఒకరు పట్టుకుని చూసుకున్నారు.

నమోదు 5

చందమామ మీద పుట్టిన బుర్రకు తప్ప తట్టని ఉపాయం ఈ రోజు చకోరికి తట్టింది. భూమి మీద అన్నీ బరువు. ఇక్కడ అన్నీ తేలిక. కాబట్టి పేరంటాలును బరువెక్కిస్తే ఉయ్యాల భూమి ఉయ్యాల అయిపోతుంది. అందరూ భేష్ అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా చకోరి, ఇక ఆగుతుందా?

సంచుల్లో రాళ్ళు నింపి ఆ పిల్ల నడుముకు రెండు, భుజాలకు రెండు, ఒళ్ళో ఒకటి కట్టారు. నలుగురు కలిసి తోస్తే గానీ పీట కదలలేదు. కదిలాక జోయెల్ చప్పట్లతో లెక్కపెట్టాడు. పోయి రావడానికి రాళ్ళు లేనప్పుడు ఎన్ని చప్పట్లో, రాళ్ళున్నప్పుడూ అన్నే. మళ్ళీ లెక్కపెట్టాడు. తన చేతుల మీదే అనుమానం వచ్చి ముంతాజ్ చేత చప్పట్లు కొట్టించాడు. ఈ రాళ్ళు మంచివి కావని ఇంకెవరో అంటే వేరే రాళ్ళు తెచ్చారు. వాటికీ అన్నే.

బరువు మారినా ఊపు మారలేదు. ఈ ముక్క గోడ ఏటా పాఠంలో చెబుతూనే ఉంది, వీళ్ళు ఏటా అప్పజెబుతూనే ఉన్నారు. ఒక్కరికి గుర్తొస్తే ఒట్టు. ఈ రోజు మాత్రం జోయెల్ పీట ముందు గొంతుక్కూర్చుని, ఎవరో మోసం చేసినట్టు దాన్ని చాలాసేపు చూశాడు. ఆ చూపు చూశాక ఇక ఈ సంగతి వాడు చచ్చినా మరిచిపోడు.

ఇంతలో ఒళ్ళో సంచి చిరిగింది. రాళ్ళన్నీ మెల్లమెల్లగా, ఒక్కొక్కటే, పెళ్ళిలో తలంబ్రాల్లా దిగుతూ జోయెల్ తల మీద పడ్డాయి. పేరంటాలు నవ్వింది. ముందు నోరు మూసుకుని, తరువాత మూసుకోలేక. పై పళ్ళ మధ్య సందు ఉందని అప్పుడే తెలిసింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం తాడు పొట్టిగా కట్టి చూశారు. ఊపు వేగంగానే వచ్చింది గానీ, పేరంటాలుకు గడియారం లోలకం మీద కూర్చున్నట్టు ఉందట. ఝల్లు మాత్రం లేదు.

నమోదు 8

చకోరి వాళ్ళ నాన్న ఓడలో సరుకు ఎక్కించే మనిషి. తిరుగు ఓడలో ఒక చిన్నపిల్ల సీటు బిగిస్తున్నామని ఇంట్లో మాటల్లో అన్నాడట. ఊళ్ళో ఉన్న పిల్లల్లో పోవలసింది ఎవరో తెలుసుకోవడానికి చకోరికి పెద్ద సమయం పట్టలేదు. పొద్దున్నే వచ్చి నా ముందు నిలబడింది.

"ఉయ్యాల దేనికో మాకు చెప్పకుండా ఉయ్యాల ఎలా చేస్తామనుకున్నారు టీచర్ గారూ?"

వాళ్ళమ్మ వద్దంది అని చెబుదామనుకున్నాను, కానీ అది చకోరి అడిగినదానికి జవాబు కాదు. అన్నీ చెప్పేశాను. చక్రం సంగతి, ఎముకల సంగతి, డాక్టరు గారి మాట. పేరంటాలు పక్కనే ఉంది. తనకు అంతా ముందే తెలుసట. ఉయ్యాల ఒకటి ఊగి వెళ్ళిపోదామనుకుందట.

చకోరి లేచి, తాము ఇప్పటిదాకా తప్పు లెక్క చేశామని ప్రకటించింది. ఉయ్యాల భూమి ఉయ్యాలలా ఉండనక్కరలేదు. చక్రం లాగా బరువు ఇస్తే చాలు, వాంతి రాకుండా ఇస్తే చాలు. "బంతి" అన్నందుకు కూడా అప్పుడే క్షమాపణ అడిగింది, అదీ ఆజ్ఞ జారీ చేస్తున్నట్టే. పేరంటాలు తలూపింది.

నేను ఒక్క ప్రశ్న అడిగాను. ఉయ్యాల మీద ఉన్నప్పుడు బరువు ఎంతుంటుంది, ఎక్కడ చూసినా ఒకటేనా? అది ప్రశ్నే కదా, ఆచారం తప్పలేదు.

నమోదు 9

వంటశాల నుంచి బియ్యం తూచే స్ప్రింగు కాటా తెచ్చి పీటకూ తాడుకూ మధ్య కట్టారు. ఊగుతుంటే ముల్లును చదవడం ఎవరి తరమూ కాలేదు. ముంతాజ్ ముల్లు ముందర చిన్న రేకుముక్క పెట్టింది. ముల్లు దాన్ని ఎంతదూరం తోస్తే అది అక్కడే ఉండిపోతుంది, దిగాక తాపీగా చదువుకోవచ్చు. ఇది ఎవరు చెప్పారని అడిగితే, ఎవరు చెబుతారు అని నన్నే విచిత్రంగా చూసింది.

ఊపు చిన్నదైతే రేకు కొంచెం జరిగింది. పెద్దదైతే ఎక్కువ జరిగింది. ఎంత పైనుంచి వస్తే అడుగున అంత బరువు. ప్రతి ఊపుకూ నేల మీద సుద్దతో గీత గీశారు. తాళ్ళు పైకప్పుకు సమంగా, అడ్డంగా వచ్చేదాకా ఊగితే అడుగున బరువు మూడింతలైంది. అంటే భూమి బరువులో సరిగ్గా సగం.

పేరంటాలు ఆ గీత దగ్గర నిలబడి, "సగం రాజోలు వచ్చేసిందండి" అంది. మరి మిగతా సగం ఇంకా పైన ఉందన్నమాటే కదా అన్నాడు జోయెల్. అందరూ తలలెత్తి దూలం పైకి చూశారు. నేను కింద నేల వైపు చూశాను.

నమోదు 11

అనుకున్నంతా అయింది. ఇక కూర్చుని ఊగితే చాలదని పేరంటాలు పీట మీద నిలబడింది. మోకాళ్ళు వంచడం, అడుగుకు రాగానే ఒక్క ఉదుటున లేవడం. అట్లతద్దికి వాళ్ళ ఊరి ఆడపిల్లలు అలాగే తొక్కుతారట. గోడ పట్టుకుని నడిచే పిల్ల ఇదేనా అనిపించింది. జారిపోతున్నాయంటున్న ఆ కాళ్ళలో ఇంకా మా పిల్లలందరి కాళ్ళకంటే ఎక్కువ సత్తువే ఉంది. నాలుగు తొక్కుళ్ళకు తాళ్ళు అడ్డం దాటి పైకి లేచాయి. అక్కడ తాళ్ళు వదులై ముడుచుకుపోయాయి, పీట తిరగబడింది, పిల్ల గాల్లో ఉంది.

నేను పరిగెత్తాను. చేతులు సంచిలో ఉన్న సంగతి మరిచిపోయి పరిగెత్తానేమో, బోర్లా పడి నేల మీద చేపలా జారుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకున్నాను. ఈలోగా పేరంటాలు తాపీగా దిగుతుంటే చకోరి, జోయెల్ కింద నిలబడి పట్టుకున్నారు. ఆమెకు మోచెయ్యి గీరుకుంది. నాకు ముక్కు వాచింది.

డాక్టర్ పాణిగ్రాహి గారు మోచేతికి మందు రాసి, నా ముక్కు చూసి నిట్టూర్చి, ఉయ్యాల ఆపేయమన్నారు. పిల్లలు గీతలన్నీ చూపించి సగం బరువు వచ్చిందని వాదించారు. ఆయన విన్నారు. "నాకు ఎముకలు కావాలి, కబుర్లు కాదు. సగం బరువుతో ఎముక నిలవదు. పడని ఉయ్యాల చేసి, పూర్తి బరువు చూపించండి. అప్పుడు మాట్లాడదాం" అన్నారు. పని నెల చివరికొస్తోంది. అది అయిన మూడు వారాలకు ఓడ.

చిత్రమేమిటంటే, పేరంటాలు ముఖంలో దిగులు లేదు. తాళ్ళు ముడుచుకునే ముందు ఝల్లుమందట.

నమోదు 12

తాడు లాగగలదు గానీ తోయలేదు. పైకి వెళ్ళాక మనిషిని అవతలికి తోసేది కావాలి. ఇంత చిన్న మాట తేలడానికి ఒక పూటంతా పట్టింది, ఆ పూటంతా నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. ముంతాజ్ తాడు ముక్కను నిలబెట్టాలని చూసి, అది కూలిపోతుంటే విసుగొచ్చి పక్కనున్న నీటిగొట్టం తీసి నిలబెట్టింది. గొట్టం నిలబడింది. తొమ్మిది మందీ ఒకేసారి అరిచారు. తాళ్ళ గురించి అంత తెలిసిన పిల్లే తాళ్ళు వద్దనడం నాకు భలే నచ్చింది.

పాత గొట్టాలు నాలుగు అతికించి, పైన దూలానికి బేరింగులు బిగించి, పీటకు పాదాలు పట్టే పట్టీలు కుట్టి, నడుముకు మరో పట్టీ పెట్టారు. ముందు పేరంటాలు అంత బరువుకు మట్టి సంచి కట్టి తిప్పారు. పిల్లలు అందరూ తోస్తే సంచి దూలం మీదుగా గుండ్రంగా తిరిగి వచ్చింది. పీట జారలేదు, గొట్టం వంగలేదు. మర్నాడు మళ్ళీ మట్టి సంచే. ఆ మర్నాడూ అదే. నేనే ఆగలేక, ఎన్నాళ్ళు సంచిని ఊపుతారని అడిగాను. నమ్మకం కుదిరే దాకా అని చకోరి చెప్పింది. ఎముకల డాక్టరు కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడడు.

నమోదు 14

ఈ రోజు పేరంటాలు గిరికీ కొట్టింది.

పట్టీలన్నీ ముగ్గురు మూడుసార్లు చూశారు. చివరిసారి డాక్టరు గారే వచ్చి చూసి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. శేషారత్నం ఆయన వెనక నిలబడింది. పిల్ల తొక్కడం మొదలుపెట్టింది. వంగి, లేచి, వంగి, లేచి. గొట్టాలు అడ్డం దాటాయి, ముడుచుకోలేదు. ఇంకో తొక్కు. దాదాపు నిలువుగా వెళ్ళి, అక్కడ తలకిందులుగా ఆగి, అటు పోనా ఇటు రానా అన్నట్టు ఊగిసలాడి వెనక్కి వచ్చింది. మరో తొక్కుకు దూలం మీదుగా అవతలికి దాటేసింది. దాటి, సొరంగం మొత్తం వినబడేలా ఒక కేక పెట్టింది.

తరువాత వరసగా గిరికీలు. పైన ఉన్నప్పుడు పాదాలకు పీట తగులుతోందా అని కింద నుంచి జోయెల్ అడుగుతున్నాడు. పట్టీకి వేలాడుతున్నానండి అంది మొదట. ఇంకొంచెం తొక్కమన్నాడు. ఇప్పుడు వేలాడడం లేదు, పీట అదమడమూ లేదు, ఏమీ లేదు, నేనే లేనట్టుంది అంది. ఊపును అక్కడే ఉంచమన్నాడు. దిగాక అందరూ పీటకు బిగించిన కాటా మీది రేకుముక్క మీద పడ్డారు.

పైన బరువు సున్నా. అడుగున చందమామ బరువుకు ఆరింతలు. అంటే భూమి బరువు, పూర్తిగా. గొట్టం పొడుగు మార్చినా అంతే వచ్చింది, అది మధ్యాహ్నం చూశారు. నేను ముప్ఫయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మనిషి పైన సరిగ్గా సున్నా అయ్యేటట్టు చందమామ మీద గిరికీ కొడితే అడుగున భూమి బరువు వస్తుందని నాకు ఏ రోజూ తోచలేదు. ఈ సంగతి తెలుసుకున్నది మా తొమ్మిది మంది, అదీ బియ్యం కాటాతో. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడానికి చేతుల్లేవు, ముంతాజ్ తన చున్నీతో తుడిచింది.

డాక్టరు గారు పేరంటాలును తల తిరుగుతోందా అని అడిగారు. ఇన్ని గిరికీలు కొట్టిన పిల్ల, చక్రంలో అడుగు పెడితే వాంతి చేసుకునే పిల్ల, లేదంది. ఎందుకు లేదో ఆయనకు అర్థం కాలేదు.

"చక్రమైతే అదే తిప్పుద్దండి. ఇదైతే నేను తిప్పుకుంటన్నానండి. మనం తిప్పుకుంటే తల తిరగదండి" అని చెప్పింది.

ఆయన గడ్డం గోక్కుని, ఓడ వచ్చేదాకా రోజూ రెండు పూటలా తొక్కించమన్నారు. పంపడం మానుకున్నానని మాత్రం అనలేదు. ఓడ కదిలే రోజు ఉదయం కాళ్ళ బలం కొలుస్తానన్నారు, జారడం ఆగితే ఉంటుంది, ఆగకపోతే సీటు సిద్ధం.

నమోదు 16

పని నెల అయిపోయింది. సంచి విప్పారు. విప్పిన మరుక్షణం వెళ్ళి పీట ఎత్తు మూల సరిచేద్దామని రంపం పట్టుకున్నాను. చకోరి వచ్చి రంపం తీసేసుకుంది. ఆ మూలకే పేరంటాలు బొటనవేలు తన్నిపెడుతుందట, అది పోతే తొక్కు కుదరదట. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని వచ్చేశాను.

ఉయ్యాల రోజూ ఆడుతోంది. పేరంటాలు ఇప్పుడు గోడ పట్టుకోవడం లేదు. నడవడం కూడా లేదు, గెంతుతోంది. తల తగలకుండా ఎంత గెంతాలో కాళ్ళకు తెలిసిపోయింది. ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకుంటోందని శేషారత్నం చెప్పింది. ఆ మాట చెబుతూ కూడా సంతోషపడడానికి భయపడుతోంది. ఊళ్ళో సరుకు సర్దుతున్నారు. పిల్ల బట్టలు కూడా ఆమె సర్ది ఉంచింది, ఓడ రోజు ఏం కబురు వస్తుందోనని.

నమోదు 19

ఉదయం డాక్టరు గారి గదిలో పేరంటాలు కాళ్ళ బలం కొలిచారు. బయట తల్లి, నేను, ఎనిమిది మంది పిల్లలు. ఆయన రెండుసార్లు కొలిచారు. బయటికి వచ్చి, జారడం ఆగడమే కాదు, కొంచెం పెరిగింది కూడా అన్నారు. సీటు విప్పేయమని ఓడకు కబురు పంపానని కూడా చెప్పారు. శేషారత్నం అక్కడే నేల మీద కూలబడింది. లేపుదామని వెళ్ళిన వాళ్ళను వద్దని చెయ్యి ఊపింది, కాసేపు అలాగే కూర్చుంటానంది. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఒకేసారి, దాచుకోకుండా. నేనూ అంతే.

పిల్లలు అప్పటికే సరుకుల గదికి పరిగెత్తేశారు. మిగతా ఎనిమిది మందికీ ఈ రోజు నుంచి ఉయ్యాల ఎక్కే వంతు వస్తుందని పేరంటాలు మాట ఇచ్చింది మరి. వాళ్ళ కాళ్ళకు ఒంటరిగా దూలం దాటే సత్తువ లేదు. అందుకని జంట తొక్కు. పీట మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు వంగితే ఒకరు లేవాలి. మొదటి వంతు చకోరిది. పేరంటాలు అవతలి వైపు. పట్టీలు ముంతాజ్ కట్టింది.

మూడో గిరికీకి అడుగున బరువు పూర్తిగా వచ్చినప్పుడు చకోరి మోకాళ్ళు మడతపడి పీట మీద చతికిలబడింది. ఉయ్యాల ఆగాక కూడా లేవలేదు. తన చేతులను, కాళ్ళను వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంది. చక్రంలోనూ ఇంతే బరువు వస్తుంది కదా అన్నాడు జోయెల్. చక్రంలో మెల్లగా ఎక్కుతుంది, ఇది ఒక్కసారిగా మీద పడుతుంది, పుట్టినప్పుడు భూమి మీద పిల్లలకు ఇలాగే ఉంటుందేమో అంది చకోరి. తరువాత పేరంటాలు వైపు తిరిగింది.

"మీ ఊళ్ళో రోజంతా ఇంత మోస్తారా?"

"మోస్తన్నట్టు తెలీదు" అంది పేరంటాలు. "లే, నువ్వు సరిగ్గా వంగలేదు. నేను చెప్తా కదా."

రెండోసారి చకోరి నిలబడింది. మూడు గిరికీలూ నిలబడే తిరిగింది. ఎప్పుడూ అందరికీ ఆజ్ఞలు వేసే పిల్ల, పేరంటాలు వంగు అంటే వంగింది, లే అంటే లేచింది. నేను ఒక మూల కూర్చుని నా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను. అవి దేనికీ తొందరపడలేదు.

గంట మోగింది, ఓడ కదిలింది. సొరంగం నేల సన్నగా అదిరి సద్దుమణిగింది. మామూలుగా అయితే ఆ అదురుకు ఊరంతా కిటికీల దగ్గరికి పరిగెత్తుతుంది. సరుకుల గదిలో ఒక్కరూ తల తిప్పలేదు. అప్పటికి పిల్లల వెనక పెద్దవాళ్ళ వరస కూడా తయారైంది, తలుపు దాటి బయటికి వచ్చింది.

శేషారత్నం రేవు నుంచి వచ్చింది. పొద్దున్న ముందుజాగ్రత్తగా ఓడ దగ్గర పెట్టించిన పిల్ల బట్టల పెట్టెను వెనక్కి తెచ్చుకుంటోంది. పెట్టె చంకలో పెట్టుకునే వరస పక్క నుంచి ముందుకు తోసుకొచ్చి, రెండో చెయ్యి చాపి, కూతురిని పీట మీద నుంచి ఎత్తుకోబోయింది. పేరంటాలు పట్టీలు బిగించుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"అమ్మా, వరసలో నిలబడు. నీకంటే ముందు డాక్టర్ గారున్నారు."

శేషారత్నం వెళ్ళి ఆయన వెనక నిలబడింది.